మూడు ఊళ్ళ నీళ్ళు

తెనాలి, రేపల్లె, బాపట్ల ఒక చుట్టు తిరిగి రావడానికి నాలుగు రోజులు చాలు. ఆ మూడు ఊళ్ళనూ వరసపెట్టి చూద్దామని ఎవరూ బయలుదేరరు. నేను బయలుదేరింది, మా టీ పొడి ఇంకా అమ్ముడుపోతున్న ఊళ్ళు ఆ మూడే మిగిలాయి కనుక.

మాది రాజమండ్రి. తాతగారి కాలం నుంచి మా వృత్తి టీ పొడి కలపడం. తోటల నుంచి వచ్చే పొడి ఏదీ ఉన్నదున్నట్టు కొట్టుకు పోదు. అస్సాం పొడికి బలం, రంగు ఉంటాయి. నీలగిరి పొడికి వాసన ఉంటుంది. ఏది ఎంత పాలు కలపాలో నాలుకతో తేల్చడమే మా పని. అందులో తాతగారికి సొంత పద్ధతి ఒకటి ఉండేది. ఒక ఊరి నీళ్ళు ఉప్పగా ఉంటాయి, మరో ఊరి నీళ్ళలో సున్నం ఉంటుంది, ఒకే పొడి రెండు చోట్లా ఒకే రుచి ఇవ్వదు. అందుకని ఏ ఊరికి అమ్మాలో ఆ ఊరి నీళ్ళు జాడీల్లో తెప్పించి, వాటితోనే కాచి, రుచి చూసి, ఆ ఊరికి ఒక కలుపు తయారుచేసేవారు. పదహారు ఊళ్ళు, పదహారు కలుపులు. అన్ని పొట్లాల మీదా ఒకటే బొమ్మ, తెల్లపడవ.

నాన్నగారు ఈ విద్య మా అన్నయ్యలకు కాకుండా నాకు నేర్పారు. వాళ్ళకు నాలుక లేదనేవారు. తాతగారి నాటి మేడ ఇప్పుడు లేదు, గిడ్డంగులు లేవు. ఒక బియ్యం కొట్టు వెనక రెండు అద్దె గదుల్లో నేను పొడి కలుపుతాను, నాగమణి, సత్యవతి పొట్లాలు కడతారు. వాళ్ళు మా దగ్గరకు వచ్చి ఇరవై రెండేళ్ళు.

ఈ మూడు ఊళ్ళకూ మా సరుకు తీసుకునేది తెనాలి టోకు వ్యాపారి శేషయ్యగారు. టీ వగరుగా ఉంటోందని కొట్లవాళ్ళు అంటున్నారని ఆయన కొన్నేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. సముద్రం దగ్గరి ఊళ్ళు కదా, భూమిలో నీళ్ళు ఏటేటా ఉప్పెక్కుతున్నాయి, అందుకే టీ రుచి చెడుతోంది అనుకున్నాను. ఉప్పు నీటిని గెలవాలంటే బలమైన పొడి కావాలి. ఏడాదికి కాస్త చొప్పున అస్సాం పొడి పెంచుతూ వచ్చాను. పోయిన నెల శేషయ్యగారు ఫోన్ చేసి ఇక కుదరదన్నారు. కొత్త కలుపు పట్టుకుని నేనే రావాలి, ఊరికొక కొట్టు చొప్పున మూడు కొట్లు బాగుందనాలి, లేకపోతే తెల్లపడవకు అదే ఆఖరు. ఆ రెండు గదులకు కూడా అదే ఆఖరని నాకు తెలుసు, నాగమణికి, సత్యవతికి తెలుసు.

తెనాలి, ముసురులో

నేను దిగిన రోజు వాయుగుండం. సన్నటి వాన, ఆగదు, పెరగదు. మా తాతగారు తెనాలి వస్తే వ్యాపారులు స్టేషనుకు ఎదురొచ్చేవారని నాన్నగారు చెప్పేవారు. నాకు ఎదురొచ్చింది ఆటో. బజారు దాకా అరవై రూపాయలన్నాడు, నలభైకి ఒప్పుకున్నాడు. మా ఊళ్ళో ఆటోవాడు బేరం తెగగానే మాట్లాడటం మానేస్తాడు. ఇక్కడ అప్పుడే మొదలుపెడతాడు. ఏ ఊరు, ఎవరింటికి, పిల్లలెంతమంది, ఒంటరిగా ఎందుకొచ్చారు, అన్నీ అడిగాడు.

శేషయ్యగారి కొట్టు పప్పులు, మిర్చి, సబ్బుల మధ్య ఇరుక్కుని ఉంది. నన్ను చూసి లేచారు కానీ ఫోన్ దించలేదు. చేత్తోనే ప్లాస్టిక్ కుర్చీ చూపించారు. పావుగంట తర్వాత ఫోన్ పెట్టేసి, "ఏంటమ్మా, వానలో తడిసొచ్చారు. టీ తాగుతారా?" అన్నారు. అని ఆయనే నవ్వారు.

"మీకు చెప్పాల్సింది ఫోన్లోనే చెప్పానమ్మా. మీ నాన్నగారి మీద గౌరవం ఉంది కాబట్టి ఇంతకాలం లాగాను. కంపెనీలవాళ్ళు పొడి ఇచ్చి, గొడుగులిచ్చి, బోర్డులు కూడా రాయిస్తన్నారు. మీరేమిస్తన్నారు?"

"టీ ఇస్తున్నాను" అన్నాను.

"అదే బాలేదంటన్నారు కదమ్మా" అన్నారు నెమ్మదిగా. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు నయంగా ఉండేది.

రుచి చూసే రోజుల్లో పని అయ్యేదాకా కారం, ఉల్లి, పచ్చడి ముట్టకూడదు. ఇది నాన్నగారు పెట్టిన నియమం. తెనాలి హోటల్లో ఆ నియమం నిలబెట్టుకోవడం తేలిక కాదు. ఇడ్లీ ముప్పై రూపాయలు. దాని మీద అడక్కుండానే నెయ్యి, కారప్పొడి, పక్కన మూడు చట్నీలు వచ్చి పడతాయి. అవేవీ వద్దన్నాను. సర్వరు నన్ను పరీక్షగా చూసి, "జ్వరమా అండి?" అన్నాడు. అవునన్నాను. పాపం, వేడినీళ్ళు తెచ్చి పెట్టాడు.

లాడ్జి గదిలో కుళాయి తిప్పి, ఆ బోరు నీళ్ళతో తెనాలి కలుపు కాచాను. బరువు నీళ్ళు, మా జాడీలోకి వచ్చే నీళ్ళే. టీ చక్కగా కుదిరింది. రంగు, చిక్కదనం, చివర్లో కాస్త వాసన, అన్నీ ఉన్నాయి. ధైర్యంగా బజారుకు నడిచాను.

శేషయ్యగారు చెప్పిన కొట్టు మస్తాన్‌ది. అరవై దాటిన మనిషి, తెల్లటి టోపీ, మోచేతి దాకా మడిచిన చొక్కా. డికాషన్ గుడ్డ సంచిలోంచి పోసే తీరు చూస్తే పనివాడని తెలిసిపోతుంది. మా పొడి డబ్బా ఇచ్చాను. ఆయన వాసన చూసి, "ఘాటుగా ఉందమ్మా" అన్నాడు. "నీళ్ళు చూసుకుంటాయిలెండి" అన్నాను. లోపలికి వెళ్ళి కాచుకొచ్చాడు. గ్లాసులు ఐదారుగురి చేతుల్లోకి వెళ్ళాయి. టీ కొట్టు ముందు ఆడది నేనొక్కదాన్నే. అందరూ నావైపు ఒకసారి, గ్లాసువైపు ఒకసారి చూశారు.

"ఏంటిది మస్తాన్ బాయ్, వేపాకేసి కాచావా?" అన్నాడు ఒకాయన.

"షుగరున్నోళ్ళకి మంచిదేమోలే" అన్నాడు రెండో ఆయన, గ్లాసు సగంలోనే పెట్టేస్తూ.

నేనూ తాగాను. నాలుక అంచులు ముడుచుకుపోయాయి. గదిలో నేను కాచిన టీ కాదది. ఎలా చూసినా ఒకటే కారణం తోచింది.

"మీరు ఎక్కువ మరిగించారు" అన్నాను, అందరి ముందూ.

మస్తాన్ గ్లాసులు ఏరుకుంటూ, "నలభై ఏళ్ళ నించి మరిగిస్తన్నానమ్మా" అన్నాడు. నా డబ్బాకు మూత పెట్టి, గుడ్డతో తుడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

రేపల్లె బండి

తెనాలి నుంచి రేపల్లె బండి తీరుబడిగా వెళుతుంది. వేమూరు, భట్టిప్రోలు, ఇరుపక్కలా పొలాలు. కోతకు వచ్చిన వరి వానకు పడుకుంది. జనం కిటికీలోంచి ఆ చేలను చూసి, ఏమీ అనకుండా తల తిప్పుకుంటున్నారు. మా వైపు అయితే ఇలాంటప్పుడు బండి అంతా ప్రభుత్వాన్ని తిడుతూ ఉంటుంది. ఇక్కడి మౌనం నాకు ఇంకా బరువనిపించింది.

పక్కన కూచున్న పెద్దావిడ నా సంచి కేసి చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఆ డబ్బాల్లో ఏంటమ్మాయ్?"

"టీ పొడి అండి."

"అంత టీ పొడే? పెళ్ళా, దినమా?"

"రెండూ కాదండి."

"మరింకెందుకు" అని కిటికీ వైపు తిరిగింది.

రేపల్లె, మరియమ్మ కొట్టు

రేపల్లెలో శేషయ్యగారు రాసిచ్చిన కొట్టు బస్టాండు పక్కన ఉంది. నడిపేది మరియమ్మ. యాభై ఏళ్ళుంటాయి. భర్త పోయాక తొమ్మిదేళ్ళుగా ఒక్కతే నడుపుతోంది. గోడకు చర్చివాళ్ళు ఇచ్చిన క్యాలెండరు, దాని మీద ఒక వాక్యం, కింద అప్పు ఇవ్వబడదు అని చేత్తో రాసిన అట్ట.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం, బేరాల్లేవు. అప్పుడే క్యారేజీ విప్పుతోంది. నేను ఫలానా అని చెప్పగానే ముఖం విప్పారింది. "పడవ బొమ్మ టీ మీదా అక్కా? మా ఆయనున్నప్పటి నించీ అదే వాడతన్నాం. వానలో ఎంత దూరం నించొచ్చావు. కూచో, రెండు ముద్దలు తిందువు." చింతచిగురు వేసి వండిన ఎండురొయ్యల కూర, వేడన్నం. స్టీలు ప్లేటు కడిగి మరీ నా ముందు పెట్టింది.

"నేను తినను" అన్నాను.

చేయి ఆగింది. "తిననంటే?"

"ఇప్పుడు తినకూడదు. నియమం."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక అది ఆమెకు ఎలా వినబడిందో అర్థమైంది. నాలుక సంగతి, కారం సంగతి చెప్పబోయాను. చెబుతుంటే నాకే అది సాకులాగా అనిపించింది. మా తాతగారైతే నిజంగానే ఆమె చేతి అన్నం ముట్టేవారు కాదు. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

"పర్లేదండి" అంది మరియమ్మ. ప్లేటు తీసేసి, అటు తిరిగి కూచుని తినడం మొదలుపెట్టింది. అంతవరకూ అక్కా అన్న మనిషి ఆ తర్వాత నన్ను మేడమ్ అంది.

రేపల్లె కలుపు అన్నిటికన్నా బలమైనది, ఉప్పు నీళ్ళ కోసం చేసినది. ఆమె తినడం అయ్యాక కాచింది. ఒక గుటక వేసి, బయటికి వెళ్ళి ఉమ్మి వచ్చింది. "బాలేదండి మేడమ్" అంది. ఈసారి ఎక్కువ మరిగించారని నేను అనలేకపోయాను. పొయ్యి మీద ముందే పెట్టి ఉన్న నీళ్ళు ఎంతసేపు మరిగాయో పక్కనే నిలబడి చూశాను కదా.

లాడ్జి గది ఎనిమిది వందలు. గోడల నిండా చెమ్మ. అక్కడి కుళాయి నీళ్ళతో అదే పొడి మళ్ళీ కాచాను. బాగుంది. చాలా బాగుంది. మంచం మీద కూచుని రెండు గ్లాసులు తాగి, నాలుక నన్ను మోసం చేయడం మొదలుపెట్టిందా అని మొదటిసారి భయపడ్డాను. నాన్నగారు పోయే ముందు ఏడాది ఆయనకు అలాగే అయింది. అన్ని టీలూ బాగున్నాయనేవారు.

మర్నాడు పొద్దున

డబ్బా మరిచిపోయాననే వంకతో పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. కొట్టు ముందు ఒక ఆటో ఆగింది. డ్రైవరు రెండు నీళ్ళ టిన్నులు భుజాన వేసుకుని లోపల పెట్టి, ఖాళీవి రెండు పట్టుకుపోయాడు. మరియమ్మ ఒక టిన్ను వంచి గిన్నెలోకి నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టింది.

"ఆ నీళ్ళెక్కడివి?" అన్నాను.

"ప్లాంటువండి. మినరల్ వాటర్. టిన్ను ఇరవై."

"టీ వీటితోనే కాస్తారా?"

"మరి బోరు నీళ్ళతో కాస్తే ఎవరు తాగుతారండి? అవి గ్లాసులు కడగటానికి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడెనిమిదేళ్ళు. ఇప్పుడు ఈ బజార్లో అందరూ ఇంతేనండి. మీ ఊళ్ళో లేవా?"

మా ఊళ్ళోనూ ఉన్నాయి. మా వీధి చివరే ప్లాంటు ఉంది. కానీ మా గదిలో వరసగా జాడీలు ఉన్నాయి, వాటి మీద ఊళ్ళ పేర్లున్నాయి. శేషయ్యగారి మనుషులు ఇప్పటికీ వేసవిలో బోరు నీళ్ళు పట్టి పంపుతూనే ఉన్నారు, నేను వాటిలో కాచి రుచి చూస్తూనే ఉన్నాను. ఎవరూ టీకి వాడని నీళ్ళకు ఏడెనిమిదేళ్ళుగా టీ కలుపుతున్నాను. ప్లాంటులో ఉప్పు, సున్నం తీసేసిన తేలిక నీళ్ళకు పొడి బలం పెంచుకుంటూ పోయాను. వాళ్ళు వగరన్నారు, నేను ఇంకా వగరు చేసి పంపాను. మస్తాన్ లోపలికి వెళ్ళి ఏ నీళ్ళు పోశాడో కూడా నేను అడగలేదు. మా ఇంట్లో నీళ్ళ గురించి మేము ఎవర్నీ అడగం, మాకు తెలుసు.

మరియమ్మను అడిగి బల్ల మీద ఓ మూల ఖాళీ చేయించుకున్నాను. చిన్న త్రాసు, విడి పొడుల డబ్బాలు బయటికి తీశాను. అస్సాం తగ్గించి, నీలగిరి పెంచి, చిటికెడు ముదురు పొడి రంగుకోసం వేసి, టిన్ను నీళ్ళతో కాచాను. ఐదో గ్లాసు దాకా ఆమె తల అడ్డంగానే ఊపింది. ఆరోది తాగి కాసేపు నోట్లోనే ఉంచుకుంది. ఎవరూ నేర్పకుండానే ఆమెకు ఆ అలవాటు ఉంది.

"రంగు చాల్లేదండి."

ఇంకో చిటికెడు వేశాను. ఏడోది ఆమె పూర్తిగా తాగింది. విజయవాడ బస్సు దిగినవాళ్ళకు అదే పోసింది. వాళ్ళు మాట్లాడుకుంటూ తాగారు, డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. టీ గురించి ఎవరూ ఏమీ అనలేదు. టీకి అంతకన్నా మెప్పు ఉండదు.

కలుపు కుదిరింది కనుక నియమమూ అయిపోయింది. "నిన్నటి కూర ఏమైనా ఉందా?" అన్నాను.

మరియమ్మ గ్లాసులు కడుగుతూ, "ఏ పూట కూర ఆ పూటేనండి మేడమ్" అంది. శేషయ్యగారికి బాగుందని చెబుతానంది. మాట ప్రకారం చెప్పింది కూడా. నేను తాగిన టీకి పది రూపాయలు తీసుకుంది. నేను వంద ఇస్తే తొంభై లెక్కపెట్టి ఇచ్చింది.

బాపట్ల

చెరుకుపల్లి మీదుగా బాపట్ల బస్సు. రోడ్డు వెంట ప్రతి ఊరి మొదట్లోనూ ఒక నీళ్ళ ప్లాంటు కనబడింది. నీలం రంగు షెడ్డు, ముందు టిన్నుల గుట్ట. ఇంతకుముందు కూడా అవి అక్కడే ఉండి ఉంటాయి. పెదనందిపాడులో పురుగుమందులు అమ్మే ఒకాయన పక్క సీట్లో కూచుని, బాపట్లలో పీతల కూర ఎక్కడ తినాలో చెప్పాడు. అక్కడి కొట్టు పని ముగిశాక తిన్నాను. నూట ఎనభై రూపాయలు. ఘాటు చెవుల దాకా ఎక్కింది. రాజమండ్రిలో కూరలో కాస్త తీపి తగులుతుంది, ఇక్కడ దాని జాడ ఉండదు. నాలుగు రోజుల్లో నేను పచ్చడి, ఉల్లిపాయతో కడుపు నిండా తిన్నది అదొక్కపూటే. ఎందుకో రుచి తెలియలేదు.

బాపట్ల కొట్టు వెంకటేశ్వర్లుది. బాపట్ల కోసం చేసిన కలుపు సంచిలోంచి తీయనే లేదు. రేపల్లె డబ్బానే ఇచ్చాను. ఆయన ఫోన్లో క్రికెట్ చూస్తూనే టిన్ను నీళ్ళు పోసి కాచాడు, చూస్తూనే తాగాడు.

"బానే ఉందండి. ఇంతకుముందు పంపింది మీరేనా?"

"నేనే."

"ఇదే ముందు పంపితే సరిపోయేది కదండి" అన్నాడు, తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

నేనూ ఒక గ్లాసు తాగాను. రేపల్లెలో ఉన్న రుచే, పోలికలో వెంట్రుకవాసి తేడా లేదు. మా తాతగారు బాపట్ల ఇసుక నీళ్ళకు కలుపు కుదరక మూడు వారాలు ఈ ఊళ్ళో మకాం వేశారట. నాకు పట్టింది పావుగంట. పని ఇంత సులువుగా పూర్తయినందుకు సంతోషించాలి. సూర్యలంక సముద్రం దగ్గరే, చూసి వెళ్ళమని వెంకటేశ్వర్లు అన్నాడు. వెళ్ళలేదు. లాడ్జి గదిలో పడుకుని వాన చప్పుడు విన్నాను.

మళ్ళీ తెనాలి

మూడో కొట్టు మస్తాన్‌దే మిగిలింది. వెళ్ళగానే చెప్పాను. "పొరపాటు నాది. మీరు సరిగ్గానే కాచారు." ఈ వాక్యం బాపట్ల నుంచి బండిలో చాలాసార్లు అనుకుంటూ వచ్చాను. తీరా అన్నాక చాలా చిన్నదైంది.

"అయ్యో, దానికేముందమ్మా" అన్నాడు మస్తాన్. "మీరన్నారని మర్నాడు రెండు పూటలు తక్కువ కాచి చూశాను. నిజమే అయ్యుండొచ్చు కదా, పెద్దింటోళ్ళు అన్నారు కదా అని. బేరాలన్నీ ఎదర కొట్టుకి పోయాయి." నవ్వాడు. కొత్త పొడి కాచి, నాకు ముందు పోసి, బాగుందన్నాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

శేషయ్యగారు ఈసారి ఫోన్ దించి మాట్లాడారు.

"మూడు చోట్లా బాగుందంటన్నారమ్మా. మూడు ఊళ్ళకీ ఒకటే పొడంట కదా?"

"ఒకటే."

"అయితే పనే సులువైపోయింది. లెక్క చెప్పండి. ఏది ఎంతో రాసుకుంటాను. ఇక్కడే గుమాస్తా చేత కలిపిచ్చి మా పేరుతో కట్టించుకుంటాం. మీకివ్వాల్సింది మీకిచ్చేస్తాను. మీకూ ఈ వయసులో తిరుగుడు తప్పుద్ది."

ఊరికొక కలుపు ఉన్నంతకాలం ఆయనకు మేము కావలసివచ్చాం. ఒకటే అయ్యాక అది మూడు పొడుల పాళ్ళు, మూడు అంకెలు. బాగుందనిపించుకోవడానికి వెళ్ళి నేనే దాన్ని మూడు అంకెలు చేసి ఇచ్చాను.

"లెక్క నిలవదండి" అన్నాను. "ఈ నెల అస్సాం పొడి వేరు, వచ్చే నెల వచ్చేది వేరు. వానలకొక రుచి, చలికొక రుచి. వచ్చిన ప్రతి సరుకునూ చూసి పాళ్ళు మార్చాలి. లేకపోతే రెండు నెలల్లో తేడా వస్తుంది."

"రెండు నెలలు నిలిస్తే చాలమ్మా" అన్నారు శేషయ్యగారు. "ఆ తర్వాత జనానికి అదే అలవాటైపోద్ది."

ఆయన అబద్ధం చెప్పలేదు. అలవాటవుతుంది. వగరు అలవాటు కాలేదు కానీ, మామూలుదనం ఎవరికైనా అలవాటవుతుంది.

"లెక్క ఇవ్వను" అన్నాను. "మనిషి కావాలంటే వస్తాను. సరుకు వచ్చినప్పుడల్లా వచ్చి కలిపి వెళతాను."

ఆయన సబ్బుల పెట్టె ఒకటి పక్కకు జరిపారు. "సరే. నెలకోసారి రండి. చార్జీలు, రోజు కూలీ ఇస్తాను. పొట్లం మాత్రం మాదే. పడవ బొమ్మ ఉండదు."

కూలీ అన్న మాట ఆయన కావాలని అనలేదు. రాజమండ్రి బండి కోసం స్టేషనుకు బయలుదేరడానికి ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటలో నాలుగైదు సార్లు వద్దనుకున్నాను. లేచేటప్పుడు సరేనన్నాను.

ఇల్లు

ఇంటికి చేరేసరికి ముసురు విడిచింది. గదిలో నాగమణి, సత్యవతి చాప మీద కూచుని పొట్లాలు కడుతున్నారు. నేను ఏ వార్త తెస్తానో తెలియదు కనుక ఎప్పటిలాగే పని మొదలుపెట్టేశారు.

"ఒప్పుకున్నారాండీ?" అంది నాగమణి.

"టీ ఒప్పుకున్నారు."

"మరి?"

చెప్పాను. దాచకుండా వరసగా, నీళ్ళ టిన్నులతో సహా అంతా చెప్పాను. ఉన్న సరుకు అయిపోగానే ఇక్కడ పని ఉండదని కూడా చెప్పాను. నాగమణి చేతులు చీర చెంగుకు తుడుచుకుని, "మీకైతే నెలకోసారి ఉందిగా అండీ" అంది. అందులో నిష్ఠూరం ఉందో లేదో నేను తేల్చుకోలేకపోయాను.

సత్యవతి చేతిలో ఉన్న పొట్లం మూతికి జిగురు రాసి, మడిచి, వేలితో గట్టిగా అదిమింది. వరసలో పెట్టి, ఇంకోటి తీసుకుంది.